తండ్రి పూట

ఆషాఢ పౌర్ణమి

పౌర్ణమి పోటు. కరకట్ట అడుగున జల్లెడ తలుపులకు గుల్లలు దట్టంగా పట్టాయి. అవి మూసుకుపోతే పంపులు ఆగుతాయి. పంపులు ఆగితే కట్ట వెనక ఊరంతా నీళ్ళలోకి పోతుంది. అందుకని మేం దిగి గోకుతూనే ఉంటాం. ఈరోజు గోకిన చోట రేపటికి మళ్ళీ పడతాయి.

పని దిగి గదికి చేరేసరికి పైడి నిద్రపోయింది. తెల్లారి నేను వెళ్ళేటప్పుడూ నిద్రలోనే ఉంటుంది. నా కూతురికి ఐదేళ్ళు వచ్చాయి. మెలకువగా ఉన్న పైడిని నేను చూసేది సెలవు రోజున మాత్రమే. ఆ రోజు కూడా అది నన్ను చూడగానే వాళ్ళమ్మ కుచ్చిళ్ళ వెనక్కి పోతుంది.

దానికి మాటలు రావడం లేదు. చెవులు బాగానే పనిచేస్తున్నాయి, పిలిస్తే తిరిగి చూస్తుంది. ఆకలేస్తే గిన్నె వైపు, దాహమేస్తే కుండ వైపు వేలు చూపిస్తుంది. పగలంతా పిల్లల గదిలోనూ, సాయంత్రం తాళం వేసిన, కిటికీ లేని మా గదిలోనూ మాటల పెట్టె ముందు కూర్చుంటుంది. ఆ పెట్టెను కట్టకు సముద్రం వైపున్న మా గదులన్నిటికీ పెంపక మండలి వాళ్ళు ఉచితంగా బిగించారు. అది కథలు చెబుతుంది, ప్రశ్నలడుగుతుంది, పిల్ల నోరు తెరిచేలోగా జవాబు కూడా తనే చెప్పేసి శభాష్ అంటుంది. మా ఆవిడ సూరీడమ్మ కట్టకు అవతల గట్టువైపు ఇళ్ళ బట్టలు ఉతికే మరల దగ్గర పనిచేస్తుంది. ఆమె వచ్చేదాకా పైడికి తోడు ఆ పెట్టే.

ఆషాఢ బహుళ అష్టమి

సెలవు. పెంపక మండలి నుంచి వైదేహి గారు వచ్చింది. మంచి మనిషి. గోడ చెమ్మకు చీర తడుస్తున్నా ఏమీ అనుకోకుండా చాప మీద కూర్చుంది. పైడి ముందు బొమ్మలు పరిచి చాలాసేపు ఓపిక పట్టింది. పైడి ఒక్క మాటా మాట్లాడలేదు.

మాటలు వెనకబడ్డాయని, వచ్చే ఫాల్గుణంలో బడి పరీక్షకు ఇలాగే ఉంటే కింది బడికే పంపుతారని చెప్పింది. కింది బడిలో అయ్యవార్లు ఉండరు, మాటల పెట్టెలే ఉంటాయి. తండ్రి రోజూ కాసేపు దగ్గర కూర్చుని మాట్లాడే ఇళ్ళలో పిల్లలకు మాట తొందరగా వస్తుందని, చదువూ ధైర్యమూ కూడా బాగుంటాయని, ఇది ఏళ్ళ తరబడి చూసి తేల్చిన సంగతని వివరించింది. గట్టువైపు ఉద్యోగులకు తండ్రి పూట ఇచ్చింది అందుకేనట. వాళ్ళు సాయంత్రం పని మధ్యలో లేచి ఇంటికి పోయి పిల్లలతో గడుపుతారు. జీతం కోత ఉండదు.

"మరి నాకూ ఇప్పించండమ్మా ఆ పూట," అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "మీ పునాది అంకెకు రాదండీ. ఉన్న పూటలు తక్కువ. ఎక్కువ ఫలితం వచ్చే ఇళ్ళకే ఇవ్వాలని నియమం."

పునాది అంకె పిల్ల పుట్టిన రోజునే వేస్తారు. తల్లి చదువు, తండ్రి చదువు, తాత చేసిన పని, ఇల్లు కట్టకు ఏ వైపున ఉంది, అన్నీ కలిపి ఒక అంకె. మా నాన్న కూడా గుల్లలు గోకినవాడే. పైడి కళ్ళు తెరవకముందే ఆయన దాని అంకెలోకి ఎక్కి కూర్చున్నాడు. తండ్రి దగ్గరుంటే పిల్ల ఎదుగుతుందని వాళ్ళకు తెలుసు. తెలుసు గనకే ఆ దగ్గరతనాన్ని కొలిచి, కావలసిన ఇళ్ళకు పంచుకున్నారు.

శ్రావణ శుద్ధ తదియ

గున్నయ్యకు ఈ సంగతి చెప్పాను. గున్నయ్య మా జట్టు మేస్త్రీ, జట్టులో ఉన్నది మేమిద్దరమే. నలభై దాటాక పుట్టిన కొడుకు ఒకడున్నాడు, ఎర్రన్న. ఇంకా పాకుతున్నాడు.

మేం పనిలో ఉన్నామో లేదో మెడలో వేసుకునే బిళ్ళ చెబుతుంది. అది నీళ్ళలో కదులుతుంటే మనిషి ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు. గున్నయ్య గోకుడు కత్తి నూరుతూ విన్నాడు. తరవాత చెప్పాడు.

"పోటు లేని సాయంత్రాలు నువ్వెల్లు. నీ బిల్ల నా మెడలో ఏసుకుంటాను. తనిఖీ సొరంగంలోంచి ఎల్తే మీ గది ఎనకాలే తేల్తావు, ఎవులూ చూడరు."

"పని?"

"ఇద్దరిదీ నాను చేస్తాను. నా గుంటడికి మాటలొచ్చే ఈడొచ్చినపుడు నువ్వు నా బిల్ల మొయ్యి. అదీ లెక్క."

దొరికితే ఇద్దరి కొలువూ పోతుంది. కొలువు పోతే గదీ పోతుంది. సూరీడమ్మకు చెబితే ఏడ్చింది, వద్దంది. ఆ తరవాత పైడి వైపు చూసి, సొరంగం మూతకు ఉన్న తుప్పు వదలగొట్టడానికి నూనె తెచ్చి పెట్టింది.

శ్రావణ బహుళ విదియ

ఇన్ని రోజులుగా వెళ్తున్నా పైడి మూలనే కూర్చునేది. నేను మాటల పెట్టె కట్టేసి, ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నాకు కథలు రావు. కట్ట కింద ఏం చూశానో అదే చెప్పేవాణ్ణి. చెప్పి చెప్పి నోరెండిపోయి ఊరుకునేవాణ్ణి.

ఈరోజు ఒక ఆలిచిప్పను ప్రాణంతోనే తీసుకెళ్ళాను. గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి అందులో వేశాను. పైడి దగ్గరికి వచ్చి వేలితో ముట్టుకుంది. చిప్ప టక్కున మూసుకుంది. ఉలిక్కిపడి, నా మోచెయ్యి పట్టుకుంది.

"తలుపేసీసుకుంది," అంది.

గొంతు ఇలా ఉంటుందా అనుకున్నాను. కొంచెం బొంగురుగా, వాళ్ళ నానమ్మ గొంతులా ఉంది. తొందరపడకూడదని నన్ను నేను ఆపుకున్నాను. "ఎందుకేసుకుందో మరి," అన్నాను. అని ఊరుకున్నాను. పెట్టె అయితే ఈలోగా పది మాటలు చెప్పేది. నేను చూస్తూ కూర్చున్నాను. పైడి గిన్నెలోకి వంగి, ఎంతో సేపు ఆలోచించింది.

"ఇంట్లో ఎవులూ లేరని," అంది.

సొరంగంలోంచి తిరిగి పనికి పరుగెత్తాను. గున్నయ్యకు చెప్పాను. గున్నయ్య రెండు బిళ్ళలూ మెడలో ఊగుతుండగా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, పైడి అన్న ఆ రెండు మాటలనూ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

కార్తీక శుద్ధ దశమి

ఇప్పుడు దాన్ని ఆపడం నా వల్ల కావడం లేదు. గోడకు చెమట ఎందుకు పడుతుంది, పంపు దగ్గుతుంది కదా దానికి మందు ఎవరు పోస్తారు, అమ్మ ఉతికే బట్టలు ఎవరివి, వాళ్ళవి వాళ్ళు ఎందుకు ఉతుక్కోరు. తెలిసిందానికి చెబుతాను. తెలియనిదానికి తెలియదంటాను. "అయితే ఇద్దరం ఆలోచిద్దారి," అంటుంది.

నేను వస్తున్నట్టు ఎవరికీ చెప్పకూడదని నేర్పాను. భయపెట్టి నేర్పడం ఇష్టం లేక ఆటలా నేర్పాను. నేనే వైదేహి గారిలా నడుం వంచి అడుగుతాను: "మీ నాన్న వచ్చేడా?" అది కళ్ళు పెద్దవి చేసి, రాలేదంటుంది. ఎంత ముద్దుగా, ఎంత నిజంలా చెబితే అంత గెలిచినట్టు. ఇద్దరం పడీపడీ నవ్వుకుంటాం.

వైదేహి గారు మళ్ళీ వచ్చి, పైడి మాటలు విని ఆశ్చర్యపోయింది. మాటల పెట్టెలో కొత్త పాఠాలు బాగా పనిచేస్తున్నాయని తన చేతిలోని పలక మీద రాసుకుంది. నేను తల ఊపాను.

సూరీడమ్మ బట్టలు ఇవ్వడానికి గట్టువైపు ఒక ఇంజనీరు ఇంటికి వెళ్ళి వచ్చింది. ఆయన తండ్రి పూటలో ఉన్నాడట. కిటికీ పక్క కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకున్నాడట. పిల్లాడు ఆయన కాలి దగ్గర కూర్చుని ఒక్కడే ఆడుకుంటున్నాడట. ఆ పూట కూడా లెక్కలోకి వస్తుంది. కిటికీలోంచి ఎండ పడుతోందని రెండుసార్లు చెప్పింది సూరీడమ్మ.

మాఘ శుద్ధ చవితి

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

సాయంత్రం పైడికి అక్షరాలు దిద్దిస్తున్నాను. కట్ట మీద కూత మోగింది. సొరంగంలో పరుగెత్తాను. గొలుసు జారి జల్లెడ తలుపు పడిపోయింది. గున్నయ్య కుడిచెయ్యి మణికట్టు దాకా దాని కింద ఉంది. ఆ గొలుసును ఇద్దరు పట్టుకోవాలి. రెండో మనిషి తన కూతురి దగ్గర ఉన్నాడు.

అవతలి జట్టువాళ్ళు ఇంకా దూరంలో ఉన్నారు. నేను తలుపు ఎత్తడానికి గడ్డపార వెతుకుతుంటే గున్నయ్య ఎడం చేత్తో తన మెడలోంచి నా బిళ్ళ తీసి చాపాడు. పెదవులు తెల్లబడిపోయాయి.

"ముందు బిల్ల ఏసుకో," అన్నాడు. "తరవాత తలుపెత్తు."

వేసుకున్నాను.

మాఘ బహుళ ఏకాదశి

చెయ్యి తీసేశారు. జరిగినదానికి మేస్త్రీ అజాగ్రత్తే కారణమని రాశారు. రెండో మనిషి పక్కనే ఉన్నా సాయం కోరలేదట. గున్నయ్యను పనిలోంచి తీసేశారు. గది ఇంకో ఏడాది ఉంచుతారట, అదీ దయ.

నేను నిజం చెప్పేస్తానన్నాను. గున్నయ్య వద్దన్నాడు. పరీక్ష దగ్గర పడింది, నా చెయ్యి ఎలాగూ రాదు, నీ పిల్ల సంగతి చూసుకో అన్నాడు. వాళ్ళావిడ మాత్రం నా వైపు చూడలేదు. అన్నం కలిపి గున్నయ్య నోట్లో పెడుతోంది.

ఇక సాయంత్రాలు వెళ్ళడం లేదు. పైడి సొరంగం మూత దగ్గర చెవి పెట్టి కూర్చుంటుందని సూరీడమ్మ చెప్పింది.

ఫాల్గుణ శుద్ధ సప్తమి

పరీక్ష. వైదేహి గారు బొమ్మ చూపించి ప్రశ్న అడిగితే పైడి జవాబు చెప్పి, తిరిగి ప్రశ్న వేసిందట. బొమ్మలో ఇల్లు ఉంది, కిటికీ ఉంది, లోపల దీపం ఎందుకు వెలుగుతోంది, ఎండ రావడం లేదా అని. గదిలో ఉన్న పరీక్షకులందరూ పని ఆపి విన్నారట.

సముద్రం వైపు పిల్లల్లో పై బడికి ఎంపికైంది పైడి ఒక్కతే. వీధంతా మా గదికి వచ్చింది. గున్నయ్య ఎర్రన్నను ఎత్తుకుని వచ్చాడు. మొండిచేతి మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని, పైడి తల మీద ఎడం చెయ్యి పెట్టాడు. నాకు ఆనందంగా ఉందని రాయాలి. ఉంది.

చైత్ర శుద్ధ నవమి

మా వైపు తండ్రులందరూ కలిసి తమకూ తండ్రి పూట ఇవ్వాలని మండలికి అర్జీ పెట్టారు. పై బడికి వెళ్తున్న పిల్ల మనలోనే ఉంది కాబట్టి ఈసారి వింటారని ఆశ.

మండలి జవాబు ఈరోజు కట్ట మీద చదివి వినిపించారు. పైడి పేరు అందులోనే ఉంది. ఈ బాలికకు పునాది అంకె తక్కువ. తండ్రి ఒక్క పూట కూడా ఇంట్లో లేడని బిళ్ళ సాక్ష్యం ఉంది. అయినా అందరికంటే ముందు నిలిచింది. దీన్నిబట్టి సముద్రం వైపు పిల్లలకు తండ్రి పూట అవసరం లేదని, వాళ్ళు కష్టంలోనే రాణిస్తారని తెలుస్తోంది. అభ్యంతరం ఉన్నవారు వచ్చే వారం విచారణలో చెప్పుకోవచ్చు.

చదవడం అయిపోయింది. ఒక్కొక్కరూ నన్ను దాటుకుని పనిలోకి దిగారు.

చైత్ర పౌర్ణమి

విచారణలో నిజం చెబుతానని నిన్న సూరీడమ్మకు చెప్పాను. ఆమె అరవలేదు. పైడికి కుట్టిన కొత్త గౌను మడత పెడుతూ, "నీకు ఆల్లతో పనేటి, ఊరితో పనేటి. పిల్లని చూసుకో," అంది. గున్నయ్య చెయ్యి పోయిందన్నాను. "నాకు తెల్దా," అంది. పొద్దున్న తనే పైడికి జడ వేసి మాతో బయల్దేరింది.

మండలి హాలులో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. అధ్యక్షుడు వయసు మళ్ళినవాడు, మెత్తగా మాట్లాడాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. బిళ్ళ, సొరంగం, గున్నయ్య, గొలుసు.

"మీ బిళ్ళ మాత్రం ప్రతి సాయంత్రం మీరు పనిలోనే ఉన్నారంటోంది," అన్నాడు.

"బిల్ల ఉందండి. నాను లేను."

గున్నయ్య లేచి అవునన్నాడు. పనిలోంచి తీసేసిన కోపంతో చెబుతున్నాడని తేల్చారు. సభ్యుల్లో ఒకాయన, ఒక్క మనిషే అన్ని నెలలు ఇద్దరి పని చేశాడంటే జట్టులో ఒకరు ఎక్కువున్నట్టే కదా అని పక్కాయనతో అనడం నాకు వినపడింది. సూరీడమ్మను అడిగారు. ఆమె పైడి జడ వైపు చూస్తూ, ఆ వేళకు నాను మరల కాడ ఉంటానండి, నాకు తెల్దు అంది. మరల దగ్గర ఉండేదన్నది మాత్రం నిజమే.

అధ్యక్షుడు పైడిని పిలిపించాడు. వైదేహి గారు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"పైడీ, సాయంత్రం మీ నాన్న ఇంటికి వచ్చేవాడా?"

పైడి నా వైపు చూసింది. చెప్పమ్మా అని తల ఊపాను. దాని కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. నేను లేవబోయేసరికి పక్కనున్న బంట్రోతు భుజం పట్టుకున్నాడు.

"రాలేదు," అంది పైడి, కళ్ళు పెద్దవి చేసి. "మా నాన్న నీళ్ళలో పన్లో ఉంటాడు. ఒక్కపాలి కూడా రాలేదు. నాకు పెట్టే అన్నీ నేర్పింది."

ఎంత బాగా చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు, ఇంత చక్కటి మాటకారిని ఎవరు కాదంటారు అన్నట్టు. వైదేహి గారు నవ్వలేదు. నా వైపు చూసింది. ఆమెకు అర్థమైంది. పలక మీద రాత మాత్రం మార్చలేదు.

కూతురి పేరులో వాటా కోరుకోవడం తండ్రులకు సహజమని, ఆ మమకారాన్ని మన్నించి నా మీద ఏ చర్యా తీసుకోవడం లేదని అధ్యక్షుడు ప్రకటించాడు. అర్జీ కొట్టేశారు.

బయటికి వచ్చాక పైడి నా వేలు పట్టుకుని లాగింది. వంగాను.

"బాగా చెప్పేనా నాన్నా?"

గున్నయ్య పక్కనే ఉన్నాడు. ఆయన ముఖం చూసే ధైర్యం లేక పైడినే చూశాను.

"బాగా చెప్పేవమ్మా," అన్నాను.

వైశాఖ శుద్ధ షష్ఠి

సొరంగంలోంచి ఎవరూ రాలేదని విచారణలో తేల్చిన మండలి, వారం తిరక్కుండా ఆ సొరంగానికి ఇనుపతలుపు పెట్టి తాళం వేసింది. మరమ్మతు అని బోర్డు తగిలించారు.

గున్నయ్య ఇప్పుడు రోజంతా ఎర్రన్న దగ్గరే ఉంటున్నాడు. భుజాన వేసుకుని కట్ట కింది కాలవ పొడుగునా తిప్పుతూ, ఇది పీత, ఇది నాచు అని చూపిస్తాడు. వాడు అప్పుడే అత్త, తాత అంటున్నాడు. మా వైపు అంతటిలో పిల్లవాడికి ఇంతగా దొరికిన తండ్రి ఇంకొకడు లేడు.

కొలువు పోయిన ఇళ్ళకు అంకె మళ్ళీ చూస్తారు, నిన్న వైదేహి గారు అందుకే వాళ్ళింటికి వెళ్ళింది. తండ్రి పూట అన్నచోట వర్తించదని రాసింది. కొలువు ఉన్నవాడికే పూట ఉంటుంది, కొలువు లేనివాడు ఇంట్లో ఉండడం పూట కిందికి రాదు. సంపాదన లేని ఇల్లు కాబట్టి ఎర్రన్న పునాది అంకె ఇంకా తగ్గింది. ఇది చెబుతూ గున్నయ్య నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆయన బిళ్ళ మోస్తానన్న మాట నిలబెట్టుకోవడానికి ఆయన మెడలో ఇప్పుడు బిళ్ళ లేదు.

జ్యేష్ఠ పౌర్ణమి

పై బడి గట్టువైపు, దూరంగా మిట్ట మీద ఉంది. పిల్లలు అక్కడే ఉండాలి. తండ్రి పూట లేని ఇళ్ళవాళ్ళు పౌర్ణమికి ఒకసారి వెళ్ళి చూడొచ్చు. సూరీడమ్మకు మరల దగ్గర సెలవివ్వలేదు. నేనొక్కణ్ణే వెళ్ళాను.

పైడికి తండ్రి సాన్నిధ్యం లేదని విచారణ పత్రాల్లో ఉంది గనక బడివాళ్ళు దానికి ఒక మాస్టారిని కుదిర్చారట. మిగతా పిల్లల కోసం తండ్రులు తమ పూటలో రోజూ వచ్చే వేళకు ఆయన వచ్చి దీని పక్కన కూర్చుంటాడు, కబుర్లు చెబుతాడు, మాట తీరు దిద్దుతాడు. ఆఫీసులో ఈ సంగతి నాకు ఎంతో సంతోషంగా చెప్పారు. ఆ పని చేసినందుకు ఆయనకు జీతం కూడా ఉంది.

పైడిని వరండాలోకి పంపారు. పొడుగు పెరిగింది. ముఖం మీద ఎండ రంగు వచ్చింది. పరుగెత్తుకొస్తుందేమోనని చేతులు చాపాను. అది నడిచి వచ్చి, రెండడుగుల దూరంలో ఆగి, చేతులు జోడించింది.

"నమస్కారం నాన్నగారూ. మీరు ఎప్పుడు వచ్చారు?"

అటూ ఇటూ చూశాను. వరండా చివర మాస్టారు నిలబడి, బాగుంది అన్నట్టు పైడి వైపు తల ఊపుతున్నాడు.

"ఇప్పుడే," అన్నాను. ఆగి, నోరు కూడదీసుకుని, "ఇప్పుడే వచ్చానండీ," అన్నాను.